అలుపుమాని ముందు ఇద్దరు

పదహారో అంతస్తు మెట్ల మీద హిమజకు భర్త ఎదురయ్యాడు. ఆమె ఎక్కుతోంది, అతను దిగుతున్నాడు. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

"నీదెంతవరకొచ్చింది?" అంది రొప్పుతూ.

"నారింజ. ఇంకాస్త ఎక్కితే ఎరుపే," అన్నాడు సుధన్వ.

నభోలేఖ సంస్థలో అందరి మణికట్టుకూ అలుపుమాని ఉంటుంది. ఒంట్లో అలుపెంతో కొలిచి రంగు చూపిస్తుంది. పచ్చగా ఉన్నంతసేపూ పని. ఎర్రబడితే కంప్యూటరు దానంతటదే మూతపడుతుంది, గేటు తెరుచుకుంటుంది, ఒక రోజు విడుపు. పనిభారంతో ఎవరూ కుంగిపోకూడదని తెచ్చిన ఏర్పాటు. నిజంగానే ఎవరూ కుంగిపోలేదు. కాకపోతే ఆదివారమన్నది పోయింది. ఎవరి అలుపు వాళ్లది, ఎవరి విడుపు వాళ్లది.

పెళ్లయి రెండు నెలలైనా పట్టపగలు ఇద్దరూ కలిసి ఇంట్లో ఉన్నది లేదు. తన విడుపు రోజున హిమజ లేచేసరికి వంటింట్లో మూతపెట్టిన పెసరట్టు ఉండేది, దాని మీద అల్లం పచ్చడితో గీసిన మీసాలు ఉండేవి. గీసినవాడు ఆఫీసులో ఉండేవాడు. అందుకే పొద్దున ఒప్పందం చేసుకున్నారు. భోజన విరామంలో మెట్లెక్కి, ఒకేసారి ఎర్రబడాలని. పనికైనా మెట్లకైనా, అలుపుమానికి అలుపు అలుపే కదా!

చెప్పులు చేత్తో పట్టుకుని టీమ్ లీడర్ రాజమణి వాళ్లను దాటుకుంటూ పైకెళ్లింది.

"ఏం చూస్తున్నరు? మా ఆయనకు రేపు విడుపట," అంది ఆగకుండా.

ఇద్దరూ మరి నాలుగు అంతస్తులు ఎక్కారు. రెండు మణికట్లూ ఎర్రబడ్డాయి. మెట్టు మీద కూలబడ్డాక సుధన్వ జేబులోంచి జంతిక తీశాడు. అది పొడి పొడి అయిపోయింది.

"నీకోసమే భద్రంగా తెచ్చా."

హిమజ పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగేసరికి రెండు అలుపుమానులూ పచ్చగా వెలుగుతున్నాయి.

"ఏం చేశావ్?"

"నేనేం చేశాను? పక్కన కూర్చున్నా."

ఆమెకు తమాషాగా అనిపించింది. "ఏదీ, కిందికెళ్లు," అని పంపింది. అతను ఒక అంతస్తు దిగాడు. కాసేపటికి నారింజ. వెనక్కి పిలిచింది. పచ్చ! ఈ సంగతి దీన్ని తయారుచేసినవాళ్లకు తట్టి ఉండదనుకుంది.

"అయితే గేటు దాటేదాకా మనం మొగుడూ పెళ్లాలం కాదు. మాటల్లేవు, చూపుల్లేవు," అంది.

"చిత్తం మేడమ్."

చెరో మెట్లదారినా మళ్లీ ఎక్కి దిగారు. ముందుగా సుధన్వ ఎర్రటి మణికట్టు చూపించి గేటు దాటేశాడు. హిమజ తల వంచుకుని చెయ్యి చాపింది. ఎరుపు. అద్దాల తలుపు కదలడం మొదలైంది. అయిపోయిందిలే అనుకుని తలెత్తింది.

అవతల సుధన్వ తనను నవ్వించకూడదని, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా గోడవైపు తిరిగి, రెండు చెవులూ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

హిమజకు నవ్వాగలేదు. మణికట్టు పచ్చబడింది. సగం తెరుచుకున్న తలుపు మూసుకుపోయింది.

"మీరు సేదతీరారు. పనికి దయచేయండి," అంది గేటు.

ఆ మాట విని అతను వెనక్కి తిరిగాడు. ఆమె అద్దానికి అరచెయ్యి ఆనించింది. అటునుంచి అతనూ ఆనించాడు. ఎలాగైనా అలిసిపోవాలని ఆమె చాలాసేపు అక్కడే నిలబడింది. కానీ అతను ఎదురుగా ఉన్నంతసేపూ ఆమెకు అలుపన్నది రాలేదు.