పట్టుకునేవాడు

నన్ను కింద పడేసినవాడే మా ఇంటి తలుపు తట్టి, చెర్రీ పెట్టిన బిస్కట్ల పొట్లం చేతిలో పెడితే, వాటిలో ఏం కలిపాడోనని ఆలోచించడం తప్పా?

"తప్పే," అన్నాడు మా తాతయ్య, రెండోది నములుతూ. "ఏమీ కలపలేదు. వెన్న బాగా పడింది, అంతే."

మా కిల్సైత్ ఊరి వెనకాల టాకమడూన్ అని కొండ రోడ్డు ఉంది. ప్రతి అక్టోబరులో చుట్టుపక్కల సైకిల్ క్లబ్బులవాళ్లు దాని మీద పోటీ పెట్టుకుంటారు. కింద నుంచి ఒక్కొక్కరే బయల్దేరి పైదాకా తొక్కాలి. ఒంట్లో ఉన్న బలమంతా ఊడ్చిపెట్టి తొక్కేవాళ్లకి, గీత దాటాక పెడల్‌కి బిగుసుకున్న బూటు విడిపించుకునే ఓపిక కూడా మిగలదు. చెట్టు విరిగి పడ్డట్టు పడిపోతారు. అందుకే గీత అవతల ఇద్దరు ముగ్గురు చేతులు చాచి నిలబడతారు, పడేవాళ్లని పట్టుకోవడానికి.

రెండేళ్ల క్రితం నన్ను పట్టుకోవాల్సినవాడు ఫెర్గస్ లాక్‌హార్ట్. గీత దాటాను, కళ్లు చీకట్లు కమ్మాయి, చేతులుంటాయనే నమ్మకంతో వాడి వైపు ఒరిగిపోయాను. చేతులు లేవు. రోడ్డుంది. భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆ ఏడు గెలిచింది నేనే, కానీ చెయ్యి కట్టులో ఉంటే కప్పు ఎత్తేదెలా? నా బదులు తాతయ్య ఎత్తాడు.

కాలు జారిందట. జారిందే అనుకుందాం. కానీ మరుసటి ఏడు కప్పు ఎవరింటికి వెళ్లింది? వాడి చెల్లెలు కిర్స్టీ ఇంటికి. రెండు సెకన్ల తేడాతో ఓడిపోయాను. నన్ను పడేస్తే లాభం ఎవరికి? ఏ పోలీసైనా ముందు అడిగే ప్రశ్న అదే కదా.

ఈ ఏడు సెప్టెంబరు వచ్చేసరికి వాడు ఎక్కడ పడితే అక్కడ తగలడం మొదలుపెట్టాడు. కొండ ఎక్కేముందు కాళ్లు వేడెక్కడానికి నేను కాలువ గట్టు మీద తొక్కుతాను. ఆకిన్‌స్టారీ దగ్గర పడవలు కట్టేసే చోట, ఎదురుగా సైకిల్ గంట కొట్టుకుంటూ వచ్చాడు.

"మళ్లీ నువ్వేనా?" అన్నాను బ్రేకు వేసి.

"కాలువ గట్టు అందరిదీ కదా, షోనా."

"అందరిదీ. మరి నువ్వొక్కడివే ఎదురొస్తావేం?"

"హంసలు కూడా ఎదురొస్తున్నాయి. వాటినెందుకు అడగవు?"

"వాటికి పోటీలో దిగే చెల్లెలు లేదు."

వాడు పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. వంతెన దాటి, వాడికి కనపడనంత దూరం వెళ్లాక నవ్వాను. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది.

తర్వాతి వారం కొండ మీద చివరి వంపు దగ్గర, జల్లులో తడుస్తూ నిలబడి ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. పైదాకా వెళ్లి, తిరిగొచ్చి, వాడి ముందు ఆగాను.

"నా టైం చూసి చెల్లెలికి మోస్తున్నావా?"

"గడియారమే లేదు చూడు." మణికట్టు చూపించాడు. కొత్తగా ఒక నల్లటి దెబ్బ కనిపించింది. "నేను చూసేది వేరు. ఈ వంపు దాటగానే నీ భుజాలు వదులవుతాయి. కాస్త బలం దాచుకుంటున్నావు."

ఆ సంగతి తాతయ్యకి కూడా తెలీదు. పడ్డప్పటి నుంచీ అంతే. చివర్లో కొంచెం మిగుల్చుకుంటాను, బూటు నేనే విడిపించుకోవాలని, ఎవరి చేతుల్లోనూ పడకూడదని. పోయిన ఏడు ఆ రెండు సెకన్లు పోయింది అక్కడే.

"దాచుకోకు, షోనా. ఈసారి కూడా పైన నేనే ఉంటాను."

"అందుకే దాచుకుంటున్నా," అన్నాను.

వాడి ముఖం వాడిపోయింది. గట్టిగా తగిలిందని సంతోషించాలి కదా, సంతోషం రాలేదు. ఆ వాడిపోయిన ముఖం కూడా అద్దం ముందు నేర్చుకున్నదేమో అనుకుంటూ కిందికి దిగిపోయాను.

పోటీ ముందురోజు పొద్దున రోడ్డు ఎలా ఉందో చూద్దామని ఒక్కదాన్నే పైకి వెళ్లాను. గీత గీసే చోట ఫెర్గస్ వంగి ఉన్నాడు. పక్కన బకెట్టు. బకెట్టు నిండా గులకరాళ్లు.

"దొరికావు!" అని అరిచాను. దూరంగా గొర్రెలు కూడా తలెత్తి చూశాయి. "రోడ్డు మీద రాళ్లు పోస్తున్నావా?"

"పోయడం లేదు తల్లీ, ఎత్తుతున్నా." చేతిలో చీపురు చూపించాడు. "ఆ రోజు నా కాలు జారింది వీటి మీదే."

"రేపు పొద్దున క్లబ్బువాళ్లు ఊడుస్తారుగా?"

"గీత దాకా ఊడుస్తారు. తొక్కేవాళ్ల కోసం. గీత దాటాక ఎవరూ ఊడవరు. పట్టుకునేవాళ్లు నిలబడేది అక్కడే."

బకెట్టులోకి చూశాను. రాళ్లు, తడి ఆకులు, గొర్రె పెంటికలు. అబద్ధం ఆడేవాడు గొర్రె పెంటికలు ఎత్తుతాడా? ఏమో, నేను వెళ్లాక అన్నీ మళ్లీ పోస్తే? అందుకని బకెట్టు లాక్కుని, హ్యాండిల్‌కి తగిలించుకుని, బరువుకి అటూ ఇటూ ఊగుతూ ఇంటికి తెచ్చేశాను.

"ఏంటే అది?" అన్నాడు తాతయ్య ముక్కు మూసుకుని.

"సాక్ష్యం."

విషయమంతా విని తాతయ్య టీ కప్పు కింద పెట్టాడు. పైన గీత దగ్గర టైం రాసేది ఆయనే. "పిల్లా, ఆ రోజు నేనక్కడే ఉన్నాను. వాడు నీకోసం దూకాడు. కాలు జారి నీకంటే ముందు నేలకి తగిలింది వాడే. లేచే ఓపిక లేక పాక్కుంటూ నీ దగ్గరికొచ్చాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్పాను. బిస్కట్లు తిని వాడి పక్షం చేరానన్నావు."

అన్న మాట నిజమే. ఆయన తిన్న మాట కూడా నిజమే కదా మరి.

పోటీ రోజు సన్నగా వాన పడుతూనే ఉంది. పోయిన ఏడు గెలిచినవాళ్లు ఆఖరున వెళ్లాలి, అంటే కిర్స్టీ నా వెనకే. తన వంతు కోసం చూస్తూ నా పక్కన నిలబడి నడుము నొక్కుకుంటోంది.

"ఏమైంది?" అన్నాను. ఇదో ఎత్తుగడ అని మనసులో అనుకున్నాను.

"ఏమైందా? నెల రోజులుగా మా అన్నయ్య రోజూ నన్ను పైదాకా తొక్కించి తన మీద పడమంటున్నాడు. పట్టుకోవడం నేర్చుకుంటాడట. వాడి చేతులు నల్లబడ్డాయి, నా పక్కటెముకలు వాచాయి." కన్ను గీటింది. "అన్నిసార్లు కొండెక్కి నేనూ గట్టిపడ్డాననుకో. జాగ్రత్త, వదినా."

ఆ ఆఖరి మాట ఎందుకందో అడిగేలోపు నన్ను పంపించేశారు.

మొదటి ఎత్తులోనే తొడలు మండాయి. చెట్లు అయిపోయాయి, గాలి ఎదురు తిరిగింది, వాన కళ్లలో కొట్టింది. చివరి వంపు వచ్చింది. నేను దాచుకునే చోటు. గీత అవతల ఫెర్గస్ కాళ్లు ఎడంగా తన్నిపెట్టి, చేతులు చాచి నిలబడ్డాడు. వదినా అంది. నన్ను మెత్తబెట్టడానికేమో. అద్దం ముందు ముఖం, బకెట్టు, పక్కటెముకలు, అన్నీ కలిపి ఆడిన నాటకమేమో.

అయితే కానీ అనుకున్నాను. మిగుల్చుకున్నదంతా పెడల్ మీద పోసేశాను. గీత ఎప్పుడు దాటానో తెలీదు. కళ్లు చీకట్లు కమ్మాయి, పక్కకి ఒరిగిపోయాను.

రోడ్డు రాలేదు.

"పట్టుకున్నావా?" అన్నాను కళ్లు మూసుకునే.

"పట్టుకున్నా."

"నిజంగానా?"

"కళ్లు తెరిచి చూసుకో."

"తెరవను. ముందు చెప్పు, ఇదంతా ఎందుకు?"

వాడి గుండె నా చెవి కిందే దడదడలాడుతోంది. "నువ్వంటే ప్రేమ కాబట్టి. ఆ రోజు గీత దాటక ముందు నుంచే. కానీ ఎముక విరగ్గొట్టినవాడు ప్రేమిస్తున్నానంటే ఎవరు నమ్ముతారు? ముందు పట్టుకుని చూపించి, తర్వాత చెబుదామనుకున్నా."

దీంట్లో కూడా ఏదైనా మోసం ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

"జరగండి! నన్నెవరు పట్టుకుంటారు?" అని కిర్స్టీ కేక. దబ్బున చప్పుడు, ఎవరో పట్టుకున్నారు.

"షోనా, అందరూ చూస్తున్నారు," ఫెర్గస్ గొంతు తగ్గించాడు.

"అయితే వదులు."

"నేనెప్పుడో వదిలేశాను. పట్టుకున్నది నువ్వే."

కళ్లు తెరిచాను. నా రెండు పిడికిళ్లలో వాడి తడిసిన జాకెట్టు నలిగిపోతోంది. వాడి చేతులు కాస్త దూరంగా, మళ్లీ పడితే పట్టుకోవడానికన్నట్టు, చాచే ఉన్నాయి.

"ఒక్క సెకను!" తాతయ్య గడియారం ఊపుతూ అరిచాడు. "ఒకే ఒక్క సెకను తేడా! కప్పు నీదే పిల్లా! రా, వచ్చి ఎత్తు!"

నాకు చేతులు ఖాళీ లేవు. ఈసారి కూడా తాతయ్యే ఎత్తాడు.