ఆపరేషన్ ఒక్క వాక్యం

2008 మే, మధ్యాహ్నం పన్నెండున్నర. డోన్ దగ్గరి శిలాజ్యోతి సిమెంట్స్‌లో ఎం.డి. హర్షవర్ధన్ తన గది తలుపు గడియ వేసి గొంతు తగ్గించాడు.

“దేవేంద్రప్పా, నాలుగ్గంటలకు ఫారిన్ టీమ్ వస్తాండాది. రెండో క్వారీకి పెట్టుబడి సంతకం పెట్టే ముందు ఇంటర్నెట్‌లో మన పేజీ చూస్తారంట. ఆ వాక్యం ఉండకూడదు.”

ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో కంపెనీకి ఒక పేజీ ఉంది. ‘ఈ క్వారీ మొదలైన మూడేళ్లలో మూడు పల్లెల బోర్లు ఎండిపోయాయి’ అన్నది అందులోని వాక్యం. పచ్చి నిజం కాబట్టే ఎం.డి.కి అంత మంట.

దేవేంద్రప్ప సెక్యూరిటీ ఆఫీసర్. తనను తాను ఏజెంట్ నైన్ అని పిలుచుకుంటాడు. మిగతా ఎనిమిది మంది ఎవరని అడిగితే కోపం వస్తుంది.

“పేజీకి లాక్ ఉండాది సార్. కంపెనీ వాళ్లయితే ఆ మాట చెప్పుకొని, చర్చా పేజీలో మార్పు అడగాల్నంట.”

“చెప్పుకుంటే ఇంక రహస్యమేముండాది? మామూలు పాఠకుల మాదిరి అడగండప్పా!”

రెండున్నరకు కర్నూలు ఇంటర్నెట్ సెంటర్ ముందు జీపు ఆగింది. ఏజెంట్ నైన్ దిగాడు. నల్లకళ్లద్దాలు, మెడలో తాయెత్తులా పెన్‌డ్రైవ్, సొంత మీసం మీదే అతికించిన దొంగ మీసం. వెనక నలుగురు గుమాస్తాలు. జీపు మీద కంపెనీ పేరు అడుగెత్తు అక్షరాల్లో ఉంది.

లోపల ఎర్రచీరలో ఒకామె కూర్చుని ఉంది.

“ఎండ ఎట్లుండాది?” అన్నాడు కోడ్‌వర్డ్‌గా.

“నీడ కూడా కాల్తాండాది.”

ఆమె కంపెనీ కంప్యూటర్ సెక్షన్ మధులత. ఈ వీరుల్లో ఒక్కడికీ టైపింగ్ రాదు గనుక ఆమెను ముందే బస్సులో పంపారు. ఆ మూడు పల్లెల్లో ఒకటి ఆమె ఊరు. తల్లి తిరుపతమ్మ రోజూ రెండు మైళ్లు నడిచి పక్కూరి బోరు నుంచి బిందె మోసుకొస్తుంది. రెండో క్వారీ వస్తే ఆ బోరూ పోతుంది. ఈ సంగతి కనుక్కోవాలని ఆ అయిదుగురు మేధావులకూ తోచలేదు.

“ఇంగ్లీషులో కొట్టమ్మా. నేనొక మామూలు పాఠకుణ్ణి. ఆ వాక్యం శానా అన్యాయం. తీసేయండి.”

“అంతేనా సార్?”

దేవేంద్రప్ప ఉలిక్కిపడ్డాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో కింద పేరూ హోదా లేకుండా బోడిగా ఉన్న కాగితం ఆయన ఎప్పుడూ పంపలేదు.

“అంతేనా అంటావేమ్మా! పైన త్రూ ప్రాపర్ ఛానెల్ అని వెయ్యి. కింద నా పేరు, హోదా, ఎంప్లాయీ నంబరు. కాపీ టు ఎం.డి. గారు, సమాచారం నిమిత్తం.”

“మాక్కూడా అట్లే వెయ్యి! చేసినట్టు పెద్దసారుకు తెలియకపోతే ఎట్ల?” అన్నారు గుమాస్తాలు.

పేర్లు వేస్తే దొరికిపోతారని ఒక్క మాట చెబితే చాలు, ఆగిపోయేవాళ్లు. మధులత చెప్పలేదు. అయిదుగురివీ పొల్లుపోకుండా కొట్టి పంపింది.

మూడూ యాభై ఎనిమిది. గెస్ట్‌హౌస్‌లో ఎం.డి. ధీమాగా విదేశీయుల ముందు పేజీ తెరిచాడు. వాక్యం చెక్కుచెదరలేదు. పైన ఎర్ర గీతల మధ్య విజ్ఞానసర్వస్వం నిర్వాహకుల కొత్త హెచ్చరిక వెలిసింది: ‘బోర్ల సంగతి తీసేయమని కంపెనీ ఉద్యోగులే పాఠకుల పేరుతో అడిగారు. వివరాలు చర్చా పేజీలో.’

విదేశీయులు ఆ వివరాలన్నీ నంబర్లతో సహా చదివారు. టీ తాగారు. పెన్ను మూత తీయకుండానే వెళ్లిపోయారు.

“ఎవరు చేసినార్రా ఇది?” ఎం.డి. దేవేంద్రప్పకు ఫోన్ చేసి అరిచాడు.

“సార్లు చెప్పినట్టే కొట్టినా సార్, ఒక్క అక్షరం మార్చలేదు,” అంది మధులత ఆ ఫోన్ అందుకుని. ఆ వెంటనే ఊరికి ఫోన్ చేసింది. “అమ్మా, సంతకం కాలేదు. ఆ బోరు యాడికీ పోదు.”

ఆ సాయంత్రం ఏజెంట్ నైన్ అతి రహస్య నివేదిక రాశాడు: ‘మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టలేదు.’ అలవాటు కొద్దీ అడుగున ఒక ముక్క చేర్చాడు. కాపీ టు నోటీస్ బోర్డు.