బంకు దాటాక దిగే అద్దం

మూతబడ్డ ఆ పెట్రోలు బంకుకి మంచి పేరు లేదు. అక్కడ కాపలా కాస్తూ పోయిన ముసలాయన, చీకటి పడ్డాక అటు వెళ్ళే ఏదో ఒక బండి ఎక్కి, ముందున్న మలుపులో దిగిపోతాడట. చార్జీ అడిగినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

మన అల్లుడుగారు ఇలాంటివి నమ్మడు. పగటిపూట అసలే నమ్మడు.

ప్రతి ఆదివారం రాత్రి అత్తగారిని ఆవిడ ఇంట్లో దింపి రావడానికి అదే దారి. ముందు సీట్లో భార్య. వెనక అత్తగారు, కళ్ళు మూసుకుని. బంకు దాటి మలుపు తిరుగుతుంటే...

సర్ర్ర్‌మని వెనక తలుపు అద్దం దానంతటదే కిందికి దిగేది!

మొదటిసారి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. రెండోసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడోసారి భార్య తేల్చి చెప్పేసింది.

"ఈ కారు అమ్మేస్తారా, నన్ను పుట్టింట్లోనే ఉండిపొమ్మంటారా?"

అల్లుడికి ప్రాణం ఉసూరుమంది. ముచ్చటపడి కొనుక్కున్న కారు. మర్నాడే మెకానిక్ దగ్గరికి పరిగెత్తాడు.

మెకానిక్ తలుపు విప్పి మోటారు చూశాడు, వైర్లు లాగి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"డ్రైవరు తలుపు మీద ఈ లాక్ బటన్ ఉంది చూశారా సార్? ఇది నొక్కితే వెనక స్విచ్చిలు పనిచెయ్యవు. నొక్కి వెళ్ళండి. అప్పుడూ అద్దం దిగితే తప్పు వైరుది. దిగలేదా..."

"దిగకపోతే?"

"ఎవరో నొక్కుతున్నట్టు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

ఆదివారం వచ్చింది. అల్లుడు లాక్ నొక్కాడు. బంకు దాటింది... మలుపు వచ్చింది... తిరిగింది...

అద్దం కదల్లేదు!

"చూశావా? కారు నిక్షేపంలా ఉంది! ఎవరో నొక్కు—"

వెనక నుంచి... టిక్... టిక్... టిక్...

బిక్కుబిక్కుమంటూ ముందున్న చిన్నద్దంలోంచి వెనక్కి చూశాడు. అత్తగారు! వేలు స్విచ్చి మీదే ఉంది.

"నువ్వా అమ్మా!" భార్యకి నవ్వాగలేదు. "మా గుండెలు జారిపోయాయి కదే! ముందే చెప్పొచ్చుగా!"

అల్లుడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కారు దక్కింది.

"చెబితే మీరు భయపడతారనీ..." అంది అత్తగారు గుసగుసగా, పక్కవాళ్ళకి చోటిస్తున్నట్టు కాస్త జరిగి. "ఇవాళ అద్దం దిగట్లేదు. బండి వెనక్కి తిప్పండి బాబూ... పాపం, ఈయన దిగాల్సిన చోటు దాటిపోయింది."