లైన్‌లో మొదటిది

జాహ్నవి పంపిన కోడ్ నాగేంద్ర వాచీకి చేరేసరికి, షాదీపూర్ గెస్ట్‌హౌస్‌లో ఆమె శవమై ఉంది. విదేశీ ముఠాలో పట్టుచీరలతో, నల్లకళ్ళద్దాలతో మెరిసిన డబుల్ ఏజెంట్ ఆమె.

//లైన్/*[1]

"ఎక్స్‌పాత్! ఏది ఎక్కడుందో చెప్పే కంప్యూటర్ కోడ్!" ఇయర్‌పీస్‌లో చీఫ్ రామ్‌ప్రసాద్ అన్నాడు. "ముఠా తన టార్గెట్‌కి పేరు పెట్టదు, వరసలో ఎక్కడుందో చెబుతుంది. ఒకటి అంటే మొదటిది. బాంబు ఫీనిక్స్ బే జెట్టీలో, ఓడ టికెట్ల లైన్‌లో ఉంది. కౌంటర్ తెరవగానే పేలుస్తారు. జెట్టీ పోతే సునామీ క్యాంపులకు బియ్యం, మందులు ఆగిపోతాయి. క్విక్!"

అక్కడే చాయ్‌వాలా వేషంలో ఉన్న నాగేంద్ర లైన్ ముందుకు దూసుకెళ్ళి, మొదటి మనిషి సంచి లాక్కున్నాడు. ఆవిడ పేరు గవరమ్మ.

"ఒగ్గీ బాబూ! హట్‌బే దీవి క్యాంపులో నా కూతురుంది. సునామీ అయినకాణ్ణుంచీ దాన్ని సూడ్నేదు."

సంచిలో ఎండుచేపలు, ఒక కొత్త లంగా. నాగేంద్రకు తల కొట్టేసినట్టయింది.

"చీఫ్, మొదటి మనిషి దగ్గర ఏమీ లేదు."

"మనిషని ఎవడన్నాడు? కోడ్‌లో స్టార్ చూడు. స్టార్ ఉంటే మనిషా, వస్తువా అని లేదు. ముందు ఏదుంటే అదే!"

ఫీనిక్స్ బేలో పక్కకెళ్ళేవాళ్ళు తమ చోట్లో చెప్పో, డబ్బానో పెట్టి వెళతారు. అదీ మనిషి కిందే లెక్క, ఎవరూ ముట్టుకోరు. గవరమ్మ ముందు పసుపుపచ్చ కిరసనాయిలు డబ్బా ఒకటుంది. ఇందాక దాన్ని దాటుకునే వచ్చాడు నాగేంద్ర.

డబ్బా ఎత్తాడు. లైనంతా మీదపడింది.

"లైన్ మత్ తోడో!"

"ఎవుల్దో జాగా బాబూ, తియ్యకు!" గవరమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

చెప్పి ఒప్పించే టైం లేదు. వీపు మీద గుద్దులు పడుతుండగానే డబ్బాను సముద్రంలోకి విసిరాడు. అప్పుడే కౌంటర్ కిటికీ తెరుచుకుంది.

నీళ్ళు తాటిచెట్టంత లేచాయి.

"లహర్ ఆయా! భాగో!"

జనం మెరక వైపు పరుగెత్తారు. "అల కాదు! బాంబు!" అని నాగేంద్ర గొంతు చించుకున్నాడు. ఒక్కసారి సముద్రం మీదికొచ్చాక ఆ మాట ఎవరు వింటారు? టికెట్ గుమస్తా కూడా పరుగెత్తాడు. అల భయంతో ఓడ కూడా తాళ్ళు తెంచుకుని, ఖాళీగా లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆపడం నాగేంద్ర వల్ల కాలేదు.

"మిషన్ సక్సెస్!" అన్నాడు చీఫ్.

నిలువునా తడిసిన గవరమ్మ మాత్రం కదల్లేదు. డబ్బా ఉన్న చోటికి ఒక్క అడుగు జరిగింది.

"ఇంక నానే ఫస్టు గదా బాబూ?"

"ఫస్టూ నువ్వే, లాస్టూ నువ్వే అమ్మా," అన్నాడు నాగేంద్ర, దూరమైపోతున్న ఓడను చూస్తూ.