అందరినీ అడిగాడు

ఆమె లోపలికి రాగానే ఈతకొలను సిబ్బంది అంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆమె చక్రాల కుర్చీ ఆపి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఎవరికండీ ఈ చప్పట్లు?"

"మీకేనండి. మీ ధైర్యానికి," అన్నాడు డిజైనరు. అప్పటికే అతని కళ్లు చెమర్చాయి.

"నేనింకా నీళ్లలో దిగలేదు. బాత్రూం ఎక్కడో అడుగుదామని వచ్చాను."

చప్పట్లు ఆగిపోయాయి. వాచ్‌మన్ మాత్రం కాస్త ఆలస్యంగా ఆగాడు.

కొత్తగా బాగుచేసిన ఆ ఈతకొలనులో వికలాంగుల కోసం పెట్టిన ఏర్పాట్లన్నీ మన డిజైనరు బుర్రలో పుట్టినవే. కుర్రాడు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. నీళ్లలోకి దిగే ర్యాంపు అందంగా ఉండాలని అటూ ఇటూ పూలకుండీలు పెట్టించాడు. ఇప్పుడు ఆ మధ్యలోంచి కుండీలను మోసేవాళ్లు తప్ప ఎవరూ వెళ్లలేరు.

ఆమె బాత్రూంలోంచి బయటికొచ్చింది.

"అద్దంలో నా జుట్టు కనిపించింది. కింద మిగతా నేను కూడా ఉన్నానో లేదో తెలియలేదు. ఇవన్నీ ఎవర్ని అడిగి చేశారు?"

"చాలా పుస్తకాలు చదివానండి."

"వాటికి ఈత వచ్చా?"

గుమ్మంలో నిలబడి వింటున్న మేనేజరుకి ఆ ప్రశ్న తెగ నచ్చేసింది. "అమ్మా, నువ్వు సాయంత్రాలు వచ్చి మావాడికి కాస్త చెప్పిపెట్టు. ఊరికే వద్దు, జీతమిస్తాను," అన్నాడు. ఆమె పగలు డ్రైవింగ్ స్కూల్లో టీచరు. బ్రేకూ యాక్సిలరేటరూ అన్నీ చేత్తోనే నడిపే కారులో కూర్చుని ఊళ్లోవాళ్లకి స్టీరింగ్ నేర్పుతుంది. కాబట్టి పక్కవాడికి చెప్పడమనేది ఆమెకి అలవాటైన పని.

అలా ఆమె రావడం మొదలుపెట్టింది. కుండీలు పోయాయి, అద్దం కిందికి దిగింది, డిజైనరు అడగడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు ఊరుకుంటే బాగుండేది.

"తలుపు తీయమంటారా?"

"తీయండి."

"పూర్తిగా తీయమంటారా?"

"సగం తీస్తే నేను సగమే వస్తాను."

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. కారు దాకా వెళ్లాలి, గొడుగు ఒక్కటే ఉంది.

"గొడుగు పట్టమంటారా?"

"ఇద్దరికీ వచ్చేలా పట్టండి."

ఇద్దరికీ వచ్చేలా పట్టబోయి ఇద్దరినీ తడిపాడు. ఆమె ముఖం మీది నీళ్లు తుడుచుకుని, తలెత్తి అతన్ని చూసి నవ్వింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

ఆ వానలోనే ఆమె ఒక సంగతి చెప్పింది. "పోయినేడు ఒక సంబంధం వచ్చింది. మీకు జీవితం ఇస్తాను అన్నాడు పెద్దమనిషి. నా దగ్గర ఆల్రెడీ ఒకటుందండీ, దానికే టైం చాలట్లేదు అని పంపించేశాను."

డిజైనరుకి తన ఇష్టం చెప్పాలని ఉంది. కానీ ఒక్క మాట అటూ ఇటూ అయినా తనూ ఆ పెద్దమనిషి వెనకే నడవాలి. జాలి అనుకుంటుందేమో, గొప్పలనుకుంటుందేమో. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. చివరికి వృత్తి ధర్మం గుర్తొచ్చి మీటింగు పెట్టాడు.

ఆదివారం ఈతకొలను గట్టు మీద కుర్చీలు వేశారు. ఆమె నాన్న, మేనేజరు, వాచ్‌మన్, ఆమె దగ్గర ఎంతకీ రివర్సు గేరు పట్టుబడని ఓ శిష్యుడు వచ్చారు. ఆమెకి ఈ మాట ఎలా చెప్పాలన్నదే విషయం.

"మోకాళ్ల మీద కూర్చుని అడిగితే?" అన్నాడు శిష్యుడు.

"కంగారులో కొలనులో పడతాడు," అన్నాడు మేనేజరు.

"దీపాలన్నీ ఆర్పేసి ఒక్కసారిగా వెలిగిద్దామండి," అన్నాడు వాచ్‌మన్.

"మా అమ్మాయికి సర్‌ప్రైజులు పడవు బాబూ," అన్నాడు నాన్న. "చిన్నప్పుడు పుట్టినరోజుకని లైట్లు ఆర్పితే, మేం కేకు తెచ్చేలోపు కరెంటు పోయిందనుకుని ఫ్యూజు విప్పేసింది."

"ఏం మీటింగు ఇది?"

అందరూ ఉలిక్కిపడ్డారు. వెనక ఆమె ఉంది.

"నాన్నా, పళ్ల డాక్టరు దగ్గరికన్నావు."

నాన్న నీళ్లలోకి చూడసాగాడు.

"ఒక సర్వీసు గురించండి," అన్నాడు డిజైనరు నీరసంగా.

"ఎవరి కోసం?"

"ఒక మనిషి కోసం."

"ఆ మనిషిని పిలిచారా?"

"పిలవాలని నేను ముందే అన్నాను టీచరుగారూ," అని శిష్యుడు అప్పటికప్పుడు పార్టీ మార్చేశాడు.

డిజైనరు లేచాడు. బట్టీపట్టిన మాటలన్నీ మాయమయ్యాయి.

"భయమేసిందండి. ఒక్క మాట తప్పుగా పడితే మీరిక రారని. మీకివ్వడానికి నా దగ్గర గొప్పవేమీ లేవు. మీరు రాని సాయంత్రం నాకు బాగుండదు. మీరంటే నాకిష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె చక్రాల కుర్చీని అతని దగ్గరికి జరిపింది. తర్వాత, "పోయినవారం సబ్బు పెట్టె కిందికి దించమన్నాను. దించారు. కాస్త ఎత్తమన్నాను. ఎత్తారు. మళ్లీ దించమన్నాను. మీకేం అనుమానం రాలేదా?" అంది.

"చేతికి సరిగ్గా అందట్లేదేమో అనుకున్నానండి."

"మొదటిసారే అందింది. ఇక్కడ బాగుచేయాల్సినవన్నీ అయిపోయాయి. ఇంకే వంకతో రావాలో తోచలేదు." ఎప్పుడూ తడబడని ఆమె గొంతు తడబడింది. "తలుపు దగ్గర అడుగుతారు, గొడుగు కింద అడుగుతారు. ఇది మాత్రం ఎంతకీ అడగరే అని ఏడుపొచ్చింది నాకు."

డిజైనరు ఒక అడుగు ముందుకేశాడు. "అంటే..."

"అంటే సరేనని బాబూ," అన్నాడు నాన్న ఆనందం పట్టలేక.

"నాన్నా, ఆయన అడిగింది నన్ను," అని, ఆమె డిజైనరు వైపు తిరిగి తనే చెప్పింది.

"సరే."