మేడగదిలో మూడు గంటల వంతు

చీకటి పడ్డాక ఆ వీధిలో ఎడమ పక్కన ఎవరూ నడవరు. ఎడమ పక్క చివర్లో ఆ ఇల్లుంది మరి. ఒకప్పుడు మిషను వాళ్ళ ఆడపిల్లల హాస్టలు. మూతపడి పన్నెండేళ్ళు. మేడ మీద మూలగదిలో రాత్రి మూడింటికి ఎవరో ఏడుస్తారని చెప్పుకుంటారు. విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. చూసినవాళ్ళు... అడిగితే పక్కవాణ్ణి చూపిస్తారు. ఎంత తాగినవాడైనా సరే, ఆ ఇంటి దగ్గరికొచ్చేసరికి మత్తు దిగి బుద్ధిగా కుడి పక్కకి మారతాడు.

సరిగ్గా ఆ ఇంట్లోనే దిగారు మనవాళ్ళు ఎనిమిదిమంది.

వేసవి సెలవుల్లో ఆరు వారాల సువార్త యాత్ర. దేశం కాని దేశం, భాష కాని భాష. పగలు అక్కడి పిల్లలకి పాటలూ కథలూ నేర్పడం, సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చెయ్యడం. ఉండడానికి ఇంత పెద్ద ఇల్లు ఊరికే ఎందుకిచ్చారో కాస్త ఆలోచించాల్సింది. ఇంటాయన తాళాలిస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు — కింద మీ ఇష్టం, పైకి మాత్రం వెళ్ళొద్దు.

వీళ్ళ నాయకుడు ఒక కుర్ర పాస్టరు. అందరూ అన్న అంటారు. అన్నకి ధైర్యం ఎక్కువ, వినడం తక్కువ. పైన గది ఉందని తెలియగానే ఆయన మొహం వెలిగిపోయింది.

"మేడగది అంటేనే ప్రార్థన గదిరా! శిష్యులు ఎక్కడ ప్రార్థన చేశారు? మేడగదిలో కాదూ?"

"అక్కడ దెయ్యముందంట కదన్నా," అన్నాడు గిటారు వాయించే కుర్రాడు. వాణ్ణి గిటారనే పిలుస్తారు.

"వస్తే రానీ. దానికీ సువార్త చెబుదాం."

అందరూ పగలబడి నవ్వారు. పగటిపూట కదా మరి.

సోమవారం నుంచి గొలుసు ప్రార్థన పెట్టారు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా, మనిషికో గంట. తన గంట కాగానే కిందికొచ్చి తర్వాతి మనిషిని లేపాలి, గొలుసు తెగకూడదు. గదిలో మాటలుండకూడదు. వచ్చినవాళ్ళు వెనక గోడ దగ్గర కూర్చోవాలి, వెళ్ళేవాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోవాలి. పైన బల్బు లేదు. ఒక టార్చి, అదీ గోడవైపు తిప్పి పెట్టాలి.

రెండింటి నుంచి మూడింటి దాకా కొత్తమ్మాయి వంతు. మూడింటికి అక్క, అంటే అన్న భార్య. నాలుగింటికి అన్న.

కొత్తమ్మాయి నర్సింగు చదువుతోంది. మిగతా ఏడుగురూ ఒకే సంఘంలో పుట్టి పెరిగినవాళ్ళు. వాళ్ళలో ఒక పిల్లకి వీసా రాకపోతే ఆ ఖాళీలో ఈ పిల్లని సర్దారు. వచ్చి రెండు వారాలైనా పేరు ఎవరి నోటా నిలవలేదు. భోజనాల దగ్గర వాళ్ళు నవ్వుకునేది ఎప్పటెప్పటివో పాత సంగతులకి. ఆమె కూడా నవ్వేది, ఎందుకో తెలియకపోయినా. నవ్వకపోతే బాగుండదు కదా.

ఆ పిల్ల గుండెల్లో ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. ఆమెకి ప్రార్థన రావడం లేదు.

ఎనిమిది నెలల కిందట వాళ్ళమ్మ పోయింది. సమాధి దగ్గర అందరూ ఒకటే మాట — ఏడవకూడదమ్మా, అమ్మ ప్రభువు దగ్గరుంది. ఆమె ఏడవలేదు. ఎంత విశ్వాసమో చూడండని పెద్దలు మెచ్చుకున్నారు కూడా. అప్పటినుంచి ఏడుపూ పోయింది, ప్రార్థనా పోయింది. పెదాలు కదులుతాయి, మాటలూ వస్తాయి, లోపల మాత్రం ఏమీ ఉండదు. ప్రార్థన రాని మనిషి ఇంకో దేశానికి పోయి ప్రార్థన నేర్పడమేమిటి? సిగ్గుతో చచ్చిపోయేది. శనివారం దాకా చూస్తాను, అప్పటికీ రాకపోతే అన్నకి చెప్పేసి ఇంటికెళ్ళిపోతాను అనుకుంది. ఇంటికెళ్తే తలుపు తాళం తనే తీసుకోవాలి. అదీ తెలుసు.

మొదటి రాత్రి మోకాళ్ళమీద కూర్చుని గంట ఎప్పుడవుతుందా అని చూస్తోంది. మూడు కావడానికి పావుగంట ఉందనగా —

తలుపు కదిలింది.

చెక్క నేల మెల్లగా కిర్రుమంది. నెత్తిన ముసుగు వేసుకున్న మనిషెవరో వచ్చి వెనక గోడ దగ్గర కూర్చున్నట్టు, కంటి కొసకి లీలగా తెలిసింది. ఓహో, అక్క. లేపకుండానే వచ్చేసింది, ఎంత శ్రద్ధో అనుకుంది. కాసేపటికి సన్నగా ఏడుపు. ప్రార్థనలో ఏడవడం అక్కకి అలవాటే. మూడవగానే తల వంచుకుని దిగి వచ్చి, చీకట్లోనే పడుకుంది.

మంగళవారం అంతే. బుధవారమూ అంతే. పావు తక్కువ మూడయ్యేసరికి తలుపు కదలడం, నేల కిర్రుమనడం, ముసుగు, ఏడుపు.

చిత్రమేమిటంటే కొత్తమ్మాయి ఆ చప్పుడు కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. పగలంతా ఏడుగురి మధ్య తిరిగినా లేని తోడు, చీకట్లో వెనక ఒక మనిషి ఊపిరి వినిపిస్తే వచ్చేది. అలా ఏడవగలిగినందుకు ఆ మనిషి మీద కాస్త అసూయ కూడా పడింది.

గురువారం రాత్రి ఇక ఉండబట్టలేకపోయింది. మాట్లాడకూడదని తెలుసు. అయినా, వెనక్కి తిరక్కుండా, గుసగుసగా...

"అక్కా... నాకు ప్రార్థన రావట్లేదక్కా."

ఏడుపు ఆగింది.

"మా అమ్మ పోయింది. నన్ను ఏడవనివ్వలేదు... ఇప్పుడు ఏడుద్దామన్నా రావట్లేదు."

గుడ్డ రాసుకున్న చప్పుడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి. తలమీద ఒక చెయ్యి పడింది. చల్లగా, గరుగ్గా ఉంది. మెల్లగా నిమిరింది, నుదుటి నుంచి వెనక్కి. రోజూ కాలేజీకి వెళ్ళేముందు వాళ్ళమ్మ అలాగే తలమీద చెయ్యి పెట్టేది.

ఎనిమిది నెలల ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. వెక్కి వెక్కి ఏడ్చి, ఏడ్చి, కిందికొచ్చి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

పొద్దున్నే కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న అక్కని పట్టుకుంది.

"రాత్రి మీరు చెయ్యి పెట్టకపోతే నేనేమైపోయేదాన్నో అక్కా. చాలా థాంక్స్."

అక్క మొహం ఎర్రబడింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"రాత్రా? నేను పైకి రాలేదే. నువ్వు నన్ను లేపందే... ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా లేపావా? పాపం, నా గంట కూడా నువ్వే చేస్తున్నావేమో అనుకుని, ఇదే బాగుందని పడుకున్నా. ఆయనకి చెప్పకు, నీకు పుణ్యముంటుంది."

ఆయనకి వేరే చెప్పక్కర్లేకపోయింది. అన్న వెనకే ఉన్నాడు, నోట్లో బ్రష్షుతో.

"అలారంకి లేచి నేను నాలుగింటికి వెళ్తే రోజూ గది ఖాళీ. నువ్వు కాస్త ముందే దిగిపోయావనుకున్నా!" అన్నాడు భార్యతో.

గిటారు వేళ్ళు మడిచి లెక్కేశాడు. "అయితే మరి మూడింటికి..."

"నీ జుట్టులో అదేంటి?" అంది ఇంకో పిల్ల, వెనక్కి జరుగుతూ.

కొత్తమ్మాయి నెత్తిమీద తెల్లగా నాలుగు వేళ్ళ గుర్తులు.

"బూడిద!" అన్నారెవరో.

ఇక చూడండి గోల. దెయ్యానికి సువార్త చెబుదామన్న అన్న నోటితో దాన్ని గద్దిస్తూనే ఉన్నాడు, కాళ్ళు మాత్రం మెట్ల నుంచి దూరంగా జరుగుతున్నాయి. మేడగది బంద్, గొలుసు బంద్, రేపు పొద్దున్నే వేరే ఇల్లు అని తేల్చేశాడు. ఆ తర్వాత కొత్తమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టి, పట్టిందేదో వదిలిపోవాలని ఏడుగురూ తలమీద చేతులు పెట్టి ప్రార్థన చేశారు. ఆమె కోసం వాళ్ళు ప్రార్థించడం అదే మొదలు. పేరు దగ్గర అన్న ఒక్క క్షణం తడుముకుని "ఈ సహోదరి" అని సర్దుకున్నాడు. ఏడు చేతులు... ఒక్కటీ రాత్రి చెయ్యిలా లేదు.

మధ్యాహ్నం పిల్లల తరగతికి రొట్టెలు తేవడానికి కొత్తమ్మాయి వెళ్ళింది. తోడుగా, వీళ్ళ మాటలు అక్కడి భాషలోకి మార్చి చెప్పే స్కూలు మాస్టారు. బేకరీ ఇంటికి ఎదురుగానే ఉంది. గల్లా మీద, త్రాసు మీద, యజమాని కనుబొమల మీద — ఎక్కడ చూసినా పిండి. ఆమె చెయ్యి తనకి తెలియకుండానే తలమీదికి పోయింది.

"మాస్టారూ, ఆ ఇంటి గురించి ఈయన్నోసారి అడగండి."

యజమాని ముందు నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పుకుపోయాడు. మాస్టారు వాక్యం వాక్యం మార్చి చెప్పాడు.

దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆ మాట పుట్టించింది ఈ వీధివాళ్ళే. బేకరీలో పిండి కలిపే ఆవిడొకరున్నారు. కూతురు ఆ హాస్టల్లో చదివేది. జ్వరమొచ్చి మూలగదిలో పోయింది. కబురు అంది తల్లి వచ్చేసరికే అంతా అయిపోయింది. అప్పటినుంచి రోజూ రాత్రి పిండి కలిపి నానబెట్టి, నాలుగింటికి మళ్ళీ పనెక్కే ముందు, బయటి ఇనపమెట్ల మీదుగా పైకెళ్ళి ఆ గదిలో కూర్చుని ఏడ్చి వస్తుంది. ఎవరూ వెళ్ళి ఆవిణ్ణి అల్లరి పెట్టకూడదని, వీధంతా కూడబలుక్కుని దెయ్యమని చెప్పుకున్నారు. మీరు పైకి వెళ్ళరనే కదా ఇల్లిచ్చింది!

కొత్తమ్మాయికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. బూడిద కాదు, పిండి! నవ్వు కూడా వచ్చింది.

యజమాని ఇంకా చెబుతున్నాడు. "ఈ వారం మనిషే మారిపోయింది. పిండి కలుపుతూ పాటలు పాడుతోంది. కూతురు తిరిగొచ్చిందట... అటు తిరిగి మోకాళ్ళమీద కూర్చుంటుందట. మూడింటికి లేచి మాయమైపోతుందట. నిన్న రాత్రి మాట్లాడింది కూడానట, ఏ భాషో తెలియలేదట. పోయినవాళ్ళ భాష అయ్యుంటుందిలే అంది. తల నిమిరితే —"

మాస్టారు మధ్యలో ఆగి కొత్తమ్మాయి మొహంలోకి చూశాడు.

"తల నిమిరితే ఏడ్చిందట," అని మెల్లగా పూర్తిచేశాడు.

ఆ సాయంత్రమంతా ఆమెకి ఏ పనిమీదా మనసు నిలవలేదు. ఎవరో లేని చోట సర్దుకుని కూర్చోవడం ఆమెకి కొత్త కాదు. కానీ ఒక తల్లి దగ్గర దొంగ కూతురుగా ఉండడమా? చెప్పకపోతే రేపటి నుంచి ఆవిడ ఖాళీ గదిలో ఎదురుచూస్తుంది, నా కూతురు మళ్ళీ పోయిందని ఇంకో పన్నెండేళ్ళు ఏడుస్తుంది. చెబితే ఆవిడ నవ్వు పోతుంది. తనకి ఈ లోకంలో దొరికిన ఒక్క చెయ్యీ పోతుంది. ఎటు చూసినా పోవడమే. చివరికి చెప్పడానికే నిశ్చయించుకుంది. టార్చి మొహమ్మీద వేసుకుని, ఆవిడకి ఎదురుగా నిలబడి, కాళ్ళమీద పడాలి. ఆ మాత్రానికి భాష అక్కర్లేదు.

రెండున్నరకి లేచింది. అక్కా, మిగతా ఇద్దరమ్మాయిలూ ఒకే దుప్పటి కింద ముడుచుకుని ఉన్నారు. మగవాళ్ళ గదికి లోపల గడియ. తలుపుకి బల్ల కూడా అడ్డం పెట్టుకున్నారు. అన్న గురక, గిటారు గురక, మిగతా ఇద్దరి గురక... నాలుగూ విడివిడిగా వినిపిస్తున్నాయి.

మెట్లెక్కింది. గది తలుపు అప్పటికే ఓరగా తెరిచుంది.

లోపల్నుంచి మాటలు. అర్థం కాని భాషలో, సన్నగా, నవ్వుతూ ఎవరో కబుర్లు చెబుతున్నారు. మధ్యమధ్య ఆగి వింటున్నారు... మళ్ళీ నవ్వుతున్నారు.

టార్చి నేలమీదికి తిప్పి తలుపు తోసింది.

గోడ దగ్గర ఆవిడ కూర్చుని ఉంది. నెత్తిన ముసుగు, మోచేతుల దాకా ఆరిన పిండి మరకలు. ఆవిడ కుడిచెయ్యి... ఒక తలమీద ఉంది.

రెండు జడలు. పొట్టి గౌను. చెప్పుల్లేని చిన్న పాదాలు. అటు తిరిగి, మోకాళ్ళమీద.

కొత్తమ్మాయి చేతిలో టార్చి ఆరిపోయింది. ఆర్పిందో, అదే ఆరిందో తెలియదు.

కిటికీలోంచి పడే మసక వెలుతురులో ఆవిడ తలెత్తి చూసింది. ఉలికిపడలేదు. ఆ చెయ్యి ఆ తలమీద అలాగే ఉంచి, రెండో చెయ్యి గుమ్మంవైపు చాచింది. రా... అన్నట్టు.

కొత్తమ్మాయి ఇది ఎప్పుడు చెప్పినా వినేవాళ్ళు ఇక్కడే ఆపుతారు. "అమ్మో! అప్పుడేం చేశావ్? పారిపోయావా?"

"అదేంటి," అంటుంది ఆమె. "అమ్మ పిలిస్తే వెళ్ళనా? నాలుగయ్యేదాకా ముగ్గురం కూర్చున్నాం."