ముగ్గులో మరమనుషులు

ఆ రోజు బుచ్చిరెడ్డిపాలెంలో వెంకటశేషమ్మ వాళ్ళ వీధి మామూలు కంటే ముందే నిద్ర లేచింది. స్వామి ఊరేగింపు ఆ వీధిలోంచే వస్తుంది. అందుకని చీకటి విడవకముందే వాకిళ్ళలో పేడనీళ్ళ చప్పుడు, చీపుళ్ళ చప్పుడు మొదలయ్యాయి. వెంకటశేషమ్మ తన వాకిట్లో పెద్ద పద్మం ముగ్గు వేసి, నడుం పట్టుకుని లోపలికి వచ్చింది. ముగ్గు విషయంలో ఆ వీధిలో ఆమెకు ఎదురు లేదు. ఎదురింటి మాలకొండమ్మకు ఆ ఒక్క మాటే గొంతు దిగదు.

"పొంగలికి నీళ్ళు పెట్టినావా?" అంది శేషమ్మ వంటింట్లోకి తొంగి చూసి.

"పెట్టినాను అత్తా," అంది కోడలు ప్రేమలీల.

అక్కడితో అత్తాకోడళ్ళ సంభాషణ అయిపోయింది. రోజూ ఇంతే. ప్రేమలీల కాపురానికి వచ్చి ఏడాది కావస్తున్నా, ఆ ఇంట్లో అత్త నోటి నుంచి రాలిన మాటలన్నీ పోగేస్తే చిన్న చేటకు సరిపోవు. శేషమ్మ చెడ్డది కాదు. కోడలిని ఒక్కనాడు కసిరింది లేదు. కాకపోతే కోడలితో చనువుగా ఉంటే ఇంటి పెత్తనం ఎక్కడ జారిపోతుందోనని ఆ కాలపు అత్తలందరికీ ఉండే భయమే ఆమెకూ ఉంది.

ప్రేమలీల కృష్ణపట్నం పక్క పిల్ల. చిన్నప్పుడు మేనమామ వెంట మద్రాసు వెళ్ళి, హార్బరులో ఓడల మీంచి సరుకు దించే క్రేన్లను చూసింది. అవి నడిస్తే ఎట్లా ఉంటుందో, ఒకదాన్నొకటి కొట్టుకుంటే ఎట్లా ఉంటుందో అన్న ఆలోచన ఆ పిల్లను వదల్లేదు. అప్పటి నుంచి పెన్సిలు దొరికితే చాలు, మరమనుషులను గీసేది. తాటిచెట్లు వాళ్ళ మోకాళ్ళకు వస్తాయి. ఒకడికి చేతుల బదులు కొక్కేలు, ఇంకొకడికి తల మీద రైసుమిల్లు పొగగొట్టం. ఇద్దరూ ఎప్పుడూ యుద్ధంలోనే ఉంటారు. ప్రేమలీల నోట్లో నాలుక లేని పిల్ల అని అందరూ అనేవారు. ఆ పిల్ల కాగితం మీద ఎన్ని గుద్దులు కురుస్తున్నాయో వాళ్ళకేం తెలుసు?

"అత్తగారింట్లో ఈ ఇనప బొమ్మలు గీయబాకమ్మా. పిల్లకి గాలి సోకిందంటారు," అని తల్లి చెప్పి పంపింది. ప్రేమలీల బుద్ధిగా తల ఊపింది. పెన్సిలు మాత్రం పెట్టె అడుగున పెట్టుకుని వచ్చింది.

మొగుడు మస్తానయ్య రైసుమిల్లులో గుమాస్తా. ఒకవైపు ఖాళీగా ఉన్న పాత కాగితాలు తెచ్చి ఇచ్చేవాడు. మధ్యాహ్నం అత్త వసారాలో నడుం వాల్చాక ప్రేమలీల గీసుకునేది. చేతికి వచ్చిన విద్య ముగ్గు ఒక్కటే కనుక, ముందు వరసగా చుక్కలు పెట్టుకుని, వాటిని కలుపుకుంటూ భుజాలు, మోకాళ్ళు, పిడికిళ్ళు తెచ్చేది. గీసింది గూట్లో పెట్టేది.

అప్పుడే ఒక తమాషా మొదలైంది. గూట్లో పెట్టిన బొమ్మ మర్నాటికి కాస్త మారి ఉండేది. కొక్కేలవాడి నడుముకు మెలికల మొలతాడు వచ్చేది. పొగగొట్టంవాడి రొమ్ము మీద చిన్న పద్మం మొలిచేది. ఒకసారి ఇద్దరికీ కాలివేళ్ళు కూడా వచ్చాయి. ఇంకెవరు, మొగుడే అనుకుంది ప్రేమలీల.

"ఈ మొలతాడు ఎవరు కట్టినారో," అని కొంటెగా అడిగితే మస్తానయ్య ఏమీ అర్థం కాక నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకోవడంలో ఎంత సుఖం ఉందో మగవాళ్ళకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోతుంది. ప్రేమలీల మాత్రం పొంగిపోయింది. పుట్టింట్లో ఆ బొమ్మలను చూసి నవ్వినవాళ్ళే గాని, పక్కన కూర్చుని గీసినవాళ్ళు లేరు. ఇక్కడ ఒకరు తన మరమనుషులకు మొలతాడు కడుతున్నారు. ఈ ఇంట్లో ఆమెకు వేరు పట్టింది ఆ కాగితాల వల్లనే.

ఆ వీధి ఆడవాళ్ళకు ముగ్గు కాగితాలు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకోవడం అలవాటు. చుక్కలతో సహా పెన్సిలుతో గీసిన కాగితం ఒకటి ఒక ఇంట్లో బయలుదేరితే వీధంతా తిరిగి నలిగిపోయి వచ్చేది. ఊరేగింపుకు ముందు రోజు సాయంత్రం మాలకొండమ్మ వచ్చింది. ప్రేమలీల రోలు దగ్గర పిండి రుబ్బుతూ ఉంది.

"మద్రాసు ముగ్గు ఏదైనా ఉంటే ఇయ్యి బిడ్డా. మీ అత్తకి చెప్పబాక," అంది మాలకొండమ్మ గొంతు తగ్గించి.

"గూట్లో ఉండాది పిన్నమ్మా, పైన కాగితం తీసుకో."

పైన ఉండాల్సిన ముగ్గు కాగితాన్ని అంతకుముందే ఎవరో కిందికి మార్చారన్న సంగతి ప్రేమలీలకు తెలియదు. మాలకొండమ్మ కాగితాన్ని దీపం దగ్గర చూసింది. చుక్కలున్నాయి, గళ్ళున్నాయి, మెలికలున్నాయి, మధ్యలో పద్మం కూడా ఉంది. ఇంత చిక్కు ముగ్గు శేషక్క తాత కూడా చూసి ఉండడనుకుని మురిసిపోయింది.

ముగ్గు వేసేవాళ్ళు వంగి చుక్కలే చూస్తారు. ఏం వేశారో నడుం ఎత్తాకే కనిపిస్తుంది. మాలకొండమ్మ చీకట్లోనే మొదలుపెట్టి, వాకిలి చాలక వీధి సగం దాకా వేసింది. రెండు జతల గుండ్రాలు కనిపిస్తే ముచ్చటపడి వాటిలో కుంకుమ నింపింది. తెల్లవారింది. నడుం ఎత్తింది. ఎర్రటి కళ్ళతో ఇద్దరు రాక్షసులు ఒకరి మొహం మీద ఒకరు గుద్దుకుంటున్నారు.

*

"శేషక్కా, నీ కోడలు నా పరువు తీసుకపోయి వీధిలో పోసింది." మాలకొండమ్మ కాగితం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతులు, మొహం అంతా ముగ్గుపిండి. "ముగ్గు అడిగితే దెయ్యాలను ఇచ్చింది. పాలోడు చూసి, ఎవరమ్మా వీళ్ళు మీ చుట్టాలా అని అడగతా ఉండాడు."

శేషమ్మ కాగితం అందుకుంది. ప్రేమలీల గరిటె వదిలేసి ముందుకు వచ్చింది.

"పిన్నమ్మా, నేను చూసుకోలేదు. అది ముగ్గు కాదు."

"కాదని నాకిప్పుడు తెలిసింది. తుడిచి ఇంకోటి వేద్దామంటే మేళం మలుపు తిరిగింది. వట్టి వాకిలి ముందర పల్లకి ఆగదు. ఈ సంవత్సరం నా హారతి స్వామికి అందనట్టే." మాలకొండమ్మ చేతిపిండి కొంగుకు తుడుచుకుంది. ఆ మాట ప్రేమలీలకు గుచ్చుకుంది. "శేషక్కా, నువ్వు ఆ గూట్లో కాగితాలన్నీ పొయ్యిలో పెడితే గాని నా కడుపుమంట చల్లారదు."

మస్తానయ్య స్నానం చేసి వస్తూ ఇదంతా విని స్తంభం పక్కన ఆగిపోయాడు. మామగారు చెంచురామయ్య పొలానికి నీళ్ళు పెట్టి అప్పుడే వచ్చి, పార భుజం మీదే ఉంచుకుని నిలబడ్డాడు.

"ఇంకా ఉండాయా ఇట్లాంటివి?" అంది శేషమ్మ.

"ఉండాయి అత్తా."

"అన్నీ తీసుకురా."

ప్రేమలీల గూట్లోంచి కట్ట తెచ్చింది. పొయ్యి మండుతూనే ఉంది. పొంగలి కుతకుతలాడుతోంది. ఇవి పోతే మళ్ళీ గీసుకోవచ్చు. కానీ ఆ మొలతాళ్ళు, ఆ పద్మాలు, అవి మళ్ళీ రావు. ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

"కావాలంటే ఇంకెప్పుడూ గీయను అత్తా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వీటిని మాత్రం కాల్చబాక. ఇవి నేనొక్కదాన్నే గీసినవి కావు."

శేషమ్మ కోడలి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. కట్టను చంకలో పెట్టుకుంది. పిండి గిన్నె అందుకుని చరచరా వీధిలోకి నడిచింది. వెనకాలే అందరూ పరుగెత్తారు.

ఎదురింటి ముందు అప్పటికే జనం మూగారు. శేషమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగింది.

"మాలకొండా, కొక్కేలవాడి ఎడమకాలు చూడు. ఒక చుక్క తప్పినావు. కాగితంలో సరిగానే ఉండాది. ఇట్లా నిలబెడితే పడిపోతాడు పాపం."

శేషమ్మ వంగి చేత్తో ఆ కాలు చెరిపి, మళ్ళీ వేసింది. తర్వాత కాగితం వైపు చూడనైనా చూడకుండా, పొగగొట్టంవాడి నడుము చుట్టూ మెలికల మొలతాడు గబగబా తిప్పేసింది.

ప్రేమలీల ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. అదే మెలిక. కింద నుంచి పైకి వచ్చి, మళ్ళీ తన కిందనుంచే దూరిపోయే అదే మెలిక. మెల్లగా తల తిప్పి మొగుడి వైపు చూసింది. మస్తానయ్యకు ఆకాశంలో ఏదో అత్యవసరంగా చూడాల్సినది కనిపించింది.

"అత్తా, మొలతాడు..."

"మాటలు తర్వాత. ఒకడి చేతిలో, ఇంకొకడి కొక్కేనికి చెరొక గద పెట్టు. నేను చుట్టూ తామరలు వేస్తా. మాలకొండా, పసుపు తే."

ముగ్గురు ఆడవాళ్ళు ఆ పెద్ద ఇనుప దేహాల మీద వంగిపోయారు. పక్కిళ్ళవాళ్ళు కూడా పిండి గిన్నెలతో వచ్చి దిగారు. పల్లకి ముందు నడిచే ఊరి పెద్ద పద్మనాభయ్య అక్కడికి వచ్చేసరికి ఇద్దరు మరమనుషులు గదలు పట్టుకుని, తామరల మధ్య భీకరంగా నిలబడి ఉన్నారు.

"ఏంది శేషమ్మా ఇది? స్వామి వచ్చే దారిలో ఈ రాక్షసులేంది?"

"రాక్షసులు కాదు, ద్వారపాలకులు."

"ద్వారపాలకులు కొట్టుకుంటారా ఎక్కడన్నా?"

"రాత్రీ పగలూ వాకిట్లో నిలబెడితే వాళ్ళకి మాత్రం విసుగు పుట్టదా అన్నా? స్వామి వస్తే సర్దుకుంటారులే."

పద్మనాభయ్య మీసం కింద నవ్వు దాచుకోవాలని చూశాడు. దాగలేదు. వీధంతా నవ్వింది. పల్లకి వచ్చింది, ఆగింది. మాలకొండమ్మ హారతి ఇచ్చి, కళ్ళు తుడుచుకుంది. ఎప్పుడూ ముగ్గులు తొక్కుకుంటూ పోయే బోయీలు ఆ రోజు మాత్రం పల్లకిని పక్కకు వాల్చి, గోడ వారగా నడిచి వెళ్ళారు. పద్మనాభయ్య పంచె ఎత్తి పట్టుకుని మునివేళ్ళ మీద దాటాడు.

కోడలితో ఇంతవరకు నేరుగా ఒక్క మాట మాట్లాడని చెంచురామయ్య అప్పుడు పార దించి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయీ, ఇంతకీ గెలిచేది ఎవరు?"

"ఇంకా తేలలేదు మామా," అంది ప్రేమలీల.

"పొగగొట్టంవాడు గెలిస్తే బాగుండు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం శేషమ్మ నడుం వాల్చలేదు. వసారాలో కాగితాల కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రేమలీల మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది.

"పైన ముగ్గు కాగితం నేనే కిందికి పెట్టినాను నిన్న. కొత్త బొమ్మ చూసి, హడావుడిగా దాన్ని పైన పెట్టేసినా," అంది శేషమ్మ. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేక గోడ వైపు చూస్తూ చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అత్తా?"

"ఏమని చెప్పేది? అత్తను, కోడలి బొమ్మలు దొంగతనంగా గీస్తా ఉండానని చెప్పమంటావా?" శేషమ్మ మజ్జిగ తాగి లోటా కింద పెట్టింది. "ఊహ తెలిసినప్పటి నుంచీ ముగ్గు వేస్తా ఉండా ప్రేమా. అన్నీ నేల మీదనే. పొద్దున వేసింది మధ్యాహ్నానికి బండ్లు తొక్కేస్తాయి. మర్నాడు నేనే ఊడ్చేస్తాను. ఒకనాడు నీ కాగితం మీద, చూద్దామని ఒక మెలిక తిప్పినా. మర్నాడు పోయి చూస్తే అట్లనే ఉండాది. నా చేత్తో గీసింది మర్నాటికి మిగలడం నేను చూసింది అదే మొదటిసారి."

ఆ ఇంట్లో తనను ప్రేమా అని ఎవరైనా పిలవడం ప్రేమలీల వినడం కూడా అదే మొదటిసారి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు రానివ్వాలో తెలియక లేచి వెళ్ళి, పెన్సిలును కత్తిపీట మీద చెక్కి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

సాయంత్రం దాకా ఇద్దరూ తలలు ఆనించుకుని గీశారు. శేషమ్మ గీసిన మరమనిషికి ముక్కుపుడక ఉంది, కొప్పు ఉంది, చేతిలో కొబ్బరిచెట్టంత చీపురు ఉంది.

"ఈమె వస్తే ఆ ఇద్దరూ యుద్ధం మానుకుని పారిపోతారు," అంది ప్రేమలీల పొట్ట పట్టుకుని నవ్వుతూ.

"పారిపోనీ. చాలా రోజులాయె కొట్టుకోబట్టి."

మస్తానయ్య ఆ రోజు మిల్లు నుంచి మామూలు కంటే ఎక్కువ కాగితాలు తెచ్చాడు. అడగకుండానే తల్లికి సగం, పెళ్ళానికి సగం పంచి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మాలకొండమ్మ చీపురు పట్టుకుని తన వాకిట్లో నిలబడి ఉంది. చాలాసేపు అట్లాగే నిలబడి, చివరికి ఎదురింటి వైపు కేకేసింది.

"శేషక్కా, నాకు చేతులు రావడం లేదు. నువ్వే వచ్చి ఊడ్చు."

శేషమ్మ వెళ్ళింది. వెనకే పేడనీళ్ళ బకెట్టుతో ప్రేమలీల వెళ్ళింది. శేషమ్మ చీపురు తీసుకుని కొక్కేలవాడిని, పొగగొట్టంవాడిని, గదలను, తామరలను ఒక్క ఊపున ఊడ్చేసింది. ప్రేమలీల అయ్యో అనుకుంటూ నీళ్ళు చల్లింది.

"దానికే మొహం అట్లా పెట్టుకుంటావేంది?" అంది శేషమ్మ చీపురు దులుపుతూ. "ఇంట్లో ఉండారు గదా."